‘ఏం లేదు’ అనేది జబ్బు పేరు కాదు

మనిషి కాలు మనిషి మాట వినడం మానేస్తే మనవాళ్ళు మూడు మాటల్లో ఏదో ఒకటి అంటారు. నాటకం. గాలి. టెన్షన్. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా, ముంబై హైవేకి అటూ ఇటూ ఉన్న ఫ్యాక్టరీ ఊళ్ళలో ఈ మూడు మాటలూ ఒకే వారంలో, ఒకే మనిషి గురించి వినొచ్చు. కాంట్రాక్టరు నాటకమంటాడు. ఇంట్లో పెద్దవాళ్ళు గాలి సోకిందంటారు. నాలుగక్షరాలు చదువుకున్న మనం టెన్షనంటాం. వీటి మీద ఇప్పటికే చాలామంది రాశారు. నా గొడవ నాలుగో మాటతో. అది ఆస్పత్రిలో వినపడుతుంది. ఎమ్మారై ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాక డాక్టరు అంటాడు: ‘ఏం లేదు.’

‘ఏం లేదు’ రోగ నిర్ధారణ కాదు. నిర్ధారణ చెయ్యడం మానేశామని చెప్పడం. మిగతా మూడు మాటలకీ తలుపు తీసేది కూడా అదే. డాక్టరే ఏం లేదన్నాక కాంట్రాక్టరు నాటకమంటే ఎవరు కాదంటారు? డాక్టరే ఏం లేదన్నాక మంత్రగాడి దగ్గరికి కాకపోతే ఇంకెక్కడికి పోతారు?

ముందు జబ్బేమిటో చూద్దాం. దీన్ని ఒకప్పుడు హిస్టీరియా అన్నారు. తర్వాత కన్వర్షన్ అన్నారు, సైకోజెనిక్ అన్నారు. ఇప్పుడు న్యూరాలజీలో ఎక్కువగా ‘ఫంక్షనల్ మూవ్‌మెంట్ డిజార్డర్’ అంటున్నారు. చెయ్యి వణుకుతుంది. కాలు ఈడ్చుకుపోతుంది. మెడ ఒక పక్కకి తిరిగి బిగుసుకుపోతుంది. నడక తూలుతుంది. వెతికితే తెగిన నరం ఉండదు, మెదడులో గడ్డ ఉండదు, కానీ కదలిక మీద అదుపు మాత్రం నిజంగానే పోయి ఉంటుంది. ఇదేదో కోటికొకరికి వచ్చే వింత కాదు. స్కాట్లండ్‌లో న్యూరాలజీ ఓపీలకి కొత్తగా వచ్చిన పేషెంట్ల మీద అధ్యయనం చేస్తే, ఫంక్షనల్, మానసిక కారణాల లక్షణాలన్నీ కలిపి తలనొప్పి తర్వాత రెండో స్థానంలో నిలిచాయి. అంటే న్యూరాలజిస్టు రోజూ చూసే జబ్బుల్లో ఇదొకటి. రోజూ చూసేదాన్ని ‘ఏం లేదు’ అని పంపించడం అలవాటైపోయింది, అంతే.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. ఉమ్మడి మెదక్ జిల్లా పేరు చెప్తే ఒక తరం వాళ్ళకి చప్పున గుర్తొచ్చే మాట బాణామతి. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నుంచి బీదర్ మీదుగా మరాఠ్వాడా దాకా ఈ మాట చెలామణిలో ఉంది. ఉన్నట్టుండి ఒక ఇంట్లో బట్టలు అంటుకుంటాయి, కప్పు మీద రాళ్ళు పడతాయి. ఊళ్ళో ఆడవాళ్ళు కుక్కల్లా మొరుగుతారు, తమని తామే రక్కుకుంటారు, కొరుక్కుంటారు, ఒళ్ళు విరుచుకుని పడిపోతారు. ఒకామెకి మొదలైతే చూస్తుండగానే పక్కింటామెకి వస్తుంది. తర్వాత ఊరు ‘చేసినవాడి’ని వెతుకుతుంది. దొరికినవాడు చాలాసార్లు పేదవాడు, ఒంటరివాడు, లేదా భర్త పోయిన ముసలావిడ. మంత్రం నోరు తిరక్కుండా పళ్ళు పీకేస్తారు. కొన్నిచోట్ల సజీవంగా తగలబెట్టారు.

హేతువాదులు, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, బి.వి. పట్టాభిరామ్ లాంటి మెజీషియన్లు ఈ బాణామతి మీద పెద్ద పనే చేశారు. బట్టలకి మంట భాస్వరంతో ఎలా వస్తుందో, రాళ్ళు ఎవరు వేస్తారో జనం ముందు చేసి చూపించారు. దాంతో ఎంతమంది పళ్ళు, ఎంతమంది ప్రాణాలు దక్కాయో లెక్క కట్టలేం. ఆ పనికి దండం పెట్టే ఈ మాట అంటున్నాను: ఆ పని సగంలో ఆగిపోయింది.

బట్టల మంట వెనక భాస్వరం ఉంది, సరే. మొరిగిన ఆడమనిషి ఒంట్లో ఏముంది? ఆమెకి మనం ఇచ్చిన సమాధానం ‘మూఢనమ్మకం’. అది ఊరి బుర్ర గురించిన తీర్పు. ఆమె ఒంటి గురించి అందులో ఒక్క ముక్క లేదు. మంత్రగాడు లేడని రుజువు చెయ్యగానే ఆమె అబద్ధమాడుతున్నట్టు తేలిపోయింది. ‘అంతా ఉత్తదేనట’ అని ఊరంతా నవ్వింది. ఆ నవ్వు మోస్తూ ఆమె ఇంటికి పోయింది. ఆమెకి వచ్చినవాటిలో ఎన్ని ఫంక్షనల్ లక్షణాలో, ఎన్ని మూర్ఛలో, ఎన్ని మొగుడి దెబ్బల తర్వాత పుట్టినవో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్షిస్తే గాని చెప్పలేం. ఆ పరీక్ష చెయ్యాలన్న ఆలోచన మన చర్చలో ఎంత వెనకబడిపోయిందో చూడండి. ఇంకో తేడా కూడా మరవొద్దు. బోనాల్లో శిగం ఊగడం జబ్బు కాదు. దానికో వేళ ఉంది, స్థలం ఉంది, దిగిపోవడం ఉంది. అది ఆమెకి గౌరవం తెచ్చేదే గానీ బాధపెట్టేది కాదు. ఒంటి మీద అదుపు తప్పిన ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టేసే తెలివి మనకి హేతువాదం నేర్పింది కాదు, మన తొందర నేర్పింది.

2020, 2021లలో యూరప్‌లో, అమెరికాలో టీనేజ్ పిల్లలకి, ఎక్కువగా ఆడపిల్లలకి, హఠాత్తుగా కుదుపులు, అరుపులు మొదలయ్యాయి. సోషల్ మీడియాలో చూసిన వీడియోల్లోలాగే వస్తున్నాయని డాక్టర్లు గమనించారు. న్యూరాలజీ పత్రికలు వరసగా వ్యాసాలు వేశాయి, ప్రత్యేక క్లినిక్‌లు ఈ పిల్లల్ని చూశాయి. ఒకరిని చూసి ఒకరికి వచ్చిందని ఆ పిల్లల్ని ఎవరూ దొంగలనలేదు అని కాదు, అన్నారు. కానీ వాళ్ళ ఒంట్లో ఏం జరుగుతోందన్న ప్రశ్న మాత్రం బతికే ఉంది. అదే పని మెదక్ పల్లెలో జరిగితే మూఢనమ్మకం ఫైల్లో పెట్టి మూసేశాం. బెర్లిన్ పిల్లకి నాడీవ్యవస్థ ఉంటుంది, నారాయణఖేడ్ పిల్లకి నమ్మకాలు మాత్రమే ఉంటాయా?

సాహిత్యం మనదాకా వచ్చేసరికి ఏం చేసిందో కూడా అడగాలి. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ‘తులసిదళం’ తెలుసు. ఒక చిన్నపిల్ల మీద క్షుద్ర ప్రయోగం చుట్టూ యండమూరి వీరేంద్రనాథ్ రాసిన నవల. దాని మీద రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. చేతబడి ఉన్నట్టు భ్రమ పెట్టడం మీద ఆవిడ కోపం న్యాయమైంది. కానీ ఆ గొడవ ఇన్నేళ్ళుగా మన జ్ఞాపకంలో ఎలా మిగిలిందో చూడండి: చేతబడి ఉందా, లేదా? ఉందంటే పాఠకుడికి థ్రిల్లు, లేదంటే పాఠకుడికి జ్ఞానం. మెలితిరిగిపోయే ఒళ్ళు రెండు పక్షాలకీ సాక్ష్యమే గానీ మనిషి కాదు. తర్వాత 2005లో ‘చంద్రముఖి’ వచ్చింది. ఈసారి సైకియాట్రిస్టే హీరో, కాబట్టి మనం ముందుకెళ్ళామనుకున్నాం. నిజానికి అందులో మంత్రగాడి పని డాక్టరు చేస్తాడు. వెనక ఒక గతం ఉంటుంది, దాన్ని కనిపెట్టాలి, బొమ్మని తగలబెట్టాలి, ఒక్క రాత్రిలో నయమైపోవాలి.

ఈ ‘వెనక ఒక రహస్యం’ కథ మన సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ హిస్టీరియా మీద పుస్తకం వేసినప్పటి నుంచీ నడుస్తోంది. అణచిపెట్టిన బాధ ఒంటి లక్షణంగా మారుతుందన్నారు. కొందరి విషయంలో బాధ ఉంటుంది నిజమే. చిన్నప్పటి హింస, చావు, భయం కనిపిస్తాయి. కానీ చాలామందికి ఈ జబ్బు మొదలయ్యేది ఒక మామూలు దెబ్బ తర్వాతో, జ్వరం తర్వాతో, ఒక ఆపరేషన్ తర్వాతో. అందుకే అమెరికా సైకియాట్రిస్టుల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం ఐదో కూర్పు 2013లో ఒక షరతు తీసేసింది. మానసిక కారణం దొరికితేనే ఈ జబ్బని రాయాలన్న షరతు అది. రహస్యం దొరక్కపోయినా జబ్బు జబ్బే. మన దగ్గర మాత్రం ‘ఇంట్లో ఏమన్నా ప్రాబ్లమా? లవ్ ఫెయిల్యూరా?’ అనే విచారణ ఇంకా సాగుతూనే ఉంది. ఏమీ లేవంటే దాస్తున్నాడంటారు.

నేను సాఫ్ట్‌వేర్ పని చేసి బతుకుతాను. మా పనిలో ఒక పాపిష్టి అలవాటుంది. వాడేవాడు ఒక బగ్ ఉందని రాస్తాడు. మనం మన మెషీన్‌లో ఒకసారి నడిపి చూస్తాం. రాదు. లాగ్స్ శుభ్రంగా ఉంటాయి. ‘ఇక్కడ రావడం లేదు’ అని రాసి టికెట్ మూసేస్తాం. వాడేవాడి స్క్రీన్ మీద అది రోజూ వస్తూనే ఉంటుంది. ‘రిపోర్టులన్నీ నార్మలే, ఏం లేదు’ అనేది సరిగ్గా ఇలా మూసేసిన టికెట్. ఎమ్మారై ఆకారాన్ని చూపిస్తుంది. కదలిక ఎలా తప్పిందో ఆకారంలో కనపడదు. చూడాల్సింది చూడకుండా, చూడగలిగిందాంట్లో ఏమీ కనపడలేదని తీర్పివ్వడం ఇది.

అసలు విషయమేమిటంటే ఈ జబ్బుని ‘మిగతావేవీ కావు కాబట్టి ఇదే’ అని తేల్చక్కర్లేదు. దానికంటూ ఆనవాళ్ళున్నాయి. హూవర్ అనే అమెరికన్ డాక్టరు 1908లోనే ఒకటి చెప్పాడు. పడుకోబెట్టి, బలహీనంగా ఉన్న కాలి మడమని పరుపుకేసి నొక్కమంటారు. నొక్కలేడు. ఇప్పుడు రెండో కాలు పైకి లేపమని, దాన్ని డాక్టరు చేత్తో అడ్డుకుంటాడు. ఆ ప్రయత్నంలో, పేషెంటుకి తెలియకుండానే, బలహీనమైన కాలి మడమ గట్టిగా కిందికి నొక్కుకుంటుంది. అంటే తీగ తెగలేదు. నువ్వు పనిగట్టుకుని అడిగితే రాని బలం, దృష్టి ఇంకోచోట ఉంటే వస్తోంది. వణుకుకి ఇంకో పరీక్ష ఉంది. బాగున్న చేత్తో ఒక తాళం వెయ్యమంటారు. వణికే చెయ్యి ఆగిపోవచ్చు, లేదా ఆ తాళంలోకే వచ్చి పడొచ్చు. పార్కిన్సన్స్ వణుకు అలా చెయ్యదు. వీటికి స్కాన్ అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. మా భాషలో చెప్పాలంటే ఇది బగ్‌ని మళ్ళీ రప్పించి చూపించే పద్ధతి.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న అవుతాడు, ఈ బెల్టులోనే ఒక బల్క్ డ్రగ్ యూనిట్లో షిఫ్ట్ ఆపరేటర్. నిచ్చెన మీంచి జారాడు. మడమ బెణికింది, వాపు తగ్గింది, రెండు వారాల తర్వాత కుడికాలు ఈడ్చడం మొదలైంది. సూపర్‌వైజరు నాటకమన్నాడు. పెద్దమ్మ దారం కట్టించింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రెండు ఎమ్మారైలు, నరాల పరీక్ష అయ్యాక ‘ఏం లేదు, టెన్షన్ తగ్గించుకో’ అన్నారు. ‘ఏం లేకపోతే కాలెందుకు లేస్తలేదు సార్?’ అని మావాడు అడిగిందానికి జవాబు రాలేదు, బిల్లు వచ్చింది. మూడు నెలల తర్వాత ఒక ప్రభుత్వాస్పత్రిలో చిన్న వయసు డాక్టరొకామె ఈ హూవర్ పరీక్ష చేసింది. చేసి ఊరుకోలేదు. మావాడి చెయ్యే వాడి తొడ కింద పెట్టించి, ‘చూసినవా అన్నా, బలం ఉన్నది. నీ మెదడు ఆ బలానికి దారి మర్చిపోయింది. ఇది నిజం జబ్బే, దీనికి పేరుంది’ అంది. వాడు నాతో ఫోన్‌లో చెప్పిన మాట: ‘నేను మొదటిసంది అదే చెప్తున్నరా, కాలు నా మాట ఇంటలేదని.’ ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఆ డాక్టరు చేసిన పని ఆవిడ సొంత తెలివి మాత్రమే కాదు. ఎడిన్‌బరో న్యూరాలజిస్టు జాన్ స్టోన్, లండన్‌లో మార్క్ ఎడ్వర్డ్స్ 2012లో ఇదే వాదించారు: ఆ ఆనవాళ్ళని పేషెంటుని పట్టుకోవడానికి పన్నిన ఉచ్చులా దాచిపెట్టకండి, పేషెంటుకే చూపించండి, వైద్యం అక్కడే మొదలవుతుందని. తేడా ఎక్కడుందో చూడండి. పరీక్ష ఒక్కటే. ‘దొరికిపోయావ్’ అనొచ్చు, ‘చూశావా’ అనొచ్చు. మన క్యాజువాలిటీల్లో మొదటిదే ఎక్కువ నడుస్తోంది. ‘హెచ్‌సీఆర్’ అని మూడక్షరాలు గొణుక్కుని, పడిపోయిన పిల్ల కనుబొమ్మ ఎముక మీద బొటనవేలితో నొక్కడం, ముక్కు దగ్గర అమోనియా పెట్టడం చూసినవాళ్ళు ఇది చదివేవాళ్ళలోనూ ఉంటారు. దెయ్యం వదిలించేవాడు వేపమండలతో చేసేదీ అదే.

‘సరే గానీ, నాటకం కాదని ఎలా తెలుసు?’ న్యాయమైన ప్రశ్న. 2010లో వాలెరీ వూన్, మార్క్ హాలెట్ బృందం ఫంక్షనల్ వణుకున్నవాళ్ళని స్కానర్లో పడుకోబెట్టి రెండు రకాలుగా చూసింది. దానంతటది వచ్చే వణుకు ఒకటి, అదే మనిషి కావాలని అనుకరించిన వణుకు ఇంకొకటి. రెండూ ఒకలా లేవు. ‘ఈ కదలిక నాదే, నేనే చేశాను’ అన్న ఎరుకతో సంబంధమున్న మెదడు భాగం, దానంతటది వచ్చే వణుకప్పుడు తక్కువగా పనిచేసింది. చిన్న అధ్యయనమే, ఎనిమిదిమందే. దాంతోనే అంతా తేలిపోదు. కానీ ‘చేస్తున్నాడు’ అనే క్రియకి కర్త ఎవరన్నది మనమనుకున్నంత తేలిక కాదని తెలుస్తుంది.

ఇక్కడ నా వాదనకి గట్టి అడ్డు ఒకటుంది. అది పటాన్‌చెరే. ఈ నేల మీద ‘మీ నరాలు బాగానే ఉన్నాయి’ అన్న మాట అంత తేలిగ్గా ఎవరు నమ్ముతారు? నక్కవాగు రంగు మారడం చూసిన ఊళ్ళివి. కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఏళ్ళ తరబడి ఆ పోరాటం చేశారు. 2007లో స్వీడన్‌కి చెందిన యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే ఇక్కడి ప్లాంటు వదిలే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని చూపించింది. శుద్ధి చేశాక వదిలిన నీళ్ళవి. పాదరసంతో చేతులు వణుకుతాయి, మాంగనీసుతో పార్కిన్సన్స్‌లాంటి బిగుతు వస్తుంది, హెక్సేన్‌తో కాళ్ళ నరాలు దెబ్బతింటాయి. ఇవి వైద్యపుస్తకాల్లో స్థిరపడ్డ సంగతులు. ఇలాంటి చోట ‘అంతా మనసులోనే’ అనే డాక్టరు, తనకి తెలిసినా తెలియకపోయినా, కంపెనీకి సర్టిఫికెట్ ఇస్తున్నట్టే.

ఏలూరు మరిచిపోయామా? 2020 డిసెంబర్‌లో 600 మందికి పైగా ఫిట్స్, తల తిరుగుడుతో ఆస్పత్రిపాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని చెప్పింది. అక్కడ సామూహిక హిస్టీరియా అని చేతులు దులుపుకుని ఉంటే ఏమయ్యేది? దీనికి ఎదురు కథ అమెరికాలో లెరాయ్ అనే చిన్న ఊరిది. 2011 చివర్లో హైస్కూలు పిల్లలకి కుదుపులు మొదలయ్యాయి. 1970లో అక్కడ రైలు పట్టాలు తప్పి రసాయనాలు ఒలికిపోయిన సంగతి బయటికి తీశారు, ఎరిన్ బ్రోకోవిచ్ మనుషులు మట్టి పరీక్షకి దిగారు. చివరికి డాక్టర్లు నిలబడింది ఫంక్షనల్ జబ్బు దగ్గరే. రెండు ఊళ్ళూ పక్కపక్కన పెడితే వచ్చే పాఠం ఒకటే: మట్టినీ పరీక్షించాలి, మనిషినీ పరీక్షించాలి. ఒకటి రెండోదానికి బదులు కాదు. ఇంకా చిక్కేమిటంటే రెండూ ఒకే ఒంట్లో ఉండొచ్చు. గ్యాస్ నిజంగానే పీల్చినవాడికి, ఆ గ్యాస్ పోయాక కూడా, ఫంక్షనల్ వణుకు మిగలొచ్చు.

అందుకే నేనడిగేది నమ్మకం కాదు, ఆనవాలు. మిగతావన్నీ నార్మల్ కాబట్టి హిస్టీరియా అనేవాడు పటాన్‌చెరులో ప్రమాదకరమైన మనిషి. హూవర్ చూశాను, తాళం పరీక్ష చూశాను, దాంతోపాటు రక్తంలో సీసం కూడా చూశాను అనేవాడే డాక్టరు. 1965లో ఎలియట్ స్లేటర్ లండన్‌లో హిస్టీరియా ముద్ర వేసిన పేషెంట్లని ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని, చాలామందికి తర్వాత వేరే జబ్బులు బయటపడ్డాయని రాశాడు. ఆ భయం ఇప్పటికీ డాక్టర్ల చెయ్యి వెనక్కి లాగుతుంది. కానీ 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం, 1950లలో 29 శాతం ఉన్న తప్పుడు నిర్ధారణ 1970ల నుంచీ 4 శాతం దగ్గర ఉంది. మిగతా నాడీ జబ్బుల్లోనూ ఇంచుమించు ఇంతే తప్పుతుంది. అంటే పరీక్షించి చెప్పినప్పుడు ఈ మాట నిలబడుతుంది. చెప్పడానికి భయపడి ఇంకో స్కాన్ రాయడం జాగ్రత్త కాదు, బిల్లు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి అసలు చోటుకి వద్దాం. హిస్టీరియా అంటే ఆడవాళ్ళ జబ్బని మనకి బాగా ఎక్కించారు. కానీ పారిస్‌లో షార్కో 1880లలో వివరంగా రాసిన కేసుల్లో మగ కూలీలు, చేతిపనివాళ్ళు బోలెడుమంది. పనిలో దెబ్బ తగిలింది, దెబ్బ మానింది, చెయ్యి పడిపోయింది. మా అన్న కథే. జర్మనీలో ప్రమాద బీమా చట్టం వచ్చాక ఇలాంటివాళ్ళకి పరిహారం ఇవ్వాలని 1889లో ఒప్పుకున్నారు. 1926లో వెనక్కి తీసుకున్నారు. పరిహారమే జబ్బు తెస్తోందన్నారు. వందేళ్ళ కిందటి ఆ వాదన మన హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్లలో ఇవాళ్టి వాదనలాగే ఉంది: దీన్ని జబ్బంటే రేపు అందరూ కాళ్ళు ఈడుస్తారు.

ఈడ్వరు. జబ్బని ఒప్పుకుని వచ్చే డబ్బెంతో చూడండి. ఈఎస్ఐలో మామూలు అనారోగ్యానికి ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం. దీర్ఘకాలిక జబ్బులకి రెండేళ్ళ దాకా 80 శాతం ఇచ్చే జాబితా ఒకటుంది, 34 జబ్బులు. పక్షవాతం ఉంది, పార్కిన్సన్స్ ఉంది, స్కిజోఫ్రీనియా ఉంది. ఫంక్షనల్ కదలిక జబ్బు పేరు లేదు. కాలు లేవని మనిషికి తొంభై రెండో రోజు నుంచి పెద్ద ప్రశ్న మొదలవుతుంది. ఇంక బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి కాంట్రాక్టు కింద పనిచేస్తూ, కార్డే చేతికి రానివాడి సంగతి చెప్పక్కర్లేదు. వాడికి ‘ఏం లేదు’ అనే మాట కూడా తన భాషలో వినపడదు. నటించి సంపాదించుకునే ఆస్తి ఇందులో ఎక్కడుంది?

వైద్యం విషయంలో నేను అద్భుతాలు అమ్మను. పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, ఏళ్ళ తర్వాత కూడా సుమారు 40 శాతం మంది అలాగే ఉన్నారు, లేదా ఇంకా దిగజారారు. ఈ జబ్బు కోసమే తయారుచేసిన ఫిజియోథెరపీ మీద బ్రిటన్‌లో పెద్ద ట్రయల్ జరిగి 2024లో ఫలితాలొచ్చాయి. ప్రధాన కొలమానంలో మామూలు ఫిజియోతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే తమ కదలిక మెరుగైందని చెప్పినవాళ్ళు ప్రత్యేక ఫిజియో తీసుకున్నవాళ్ళలోనే ఎక్కువ. పద్ధతి మాత్రం తెలిసిందే. ముందు జబ్బు పేరు చెప్పి, ఆనవాలు చూపించి, నమ్మకం కుదర్చాలి. తర్వాత దృష్టిని కాలి మీంచి పక్కకి మళ్ళిస్తూ నడిపించాలి: వెనక్కి నడక, పాదం జార్చి నడక, పాట తాళానికి అడుగులు. కుంగుబాటు, నొప్పి, నిద్రలేమి ఉంటే వాటికీ చూడాలి. అక్కర్లేని మాత్రలు ఆపాలి. మా అన్న ఇప్పుడు నడుస్తాడు. అలసిన రోజు కాలు మళ్ళీ ఈడుస్తుంది. కానీ ఇప్పుడు దానికి భయపడడు, రెండడుగులు వెనక్కేసి మళ్ళీ మొదలుపెడతాడు.

దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. ఈ రెండు చోట్లా వారానికొక పూట న్యూరాలజీ, సైకియాట్రీ, ఫిజియో ముగ్గురూ ఒకే గదిలో కూర్చుంటే మొదలవుతుంది. తెలుగులో, హిందీలో ఒక్క పేజీ కాగితం, జబ్బు పేరుతో. అదే హైవే మీద ఇంకొంచెం ముందుకెళ్తే ఎర్రగడ్డ ఉంది కదా అనకండి. ఎర్రగడ్డ అనే మాటని తిట్టుగా మార్చింది మనమే. ‘ఏం లేదు’ అని చెప్పి ఎర్రగడ్డకి రాసిన కాగితాన్ని పేషెంటు బస్టాండులోనే చింపేస్తాడు. పేరు చెప్పి, చూపించి, అదే గదిలో పక్క కుర్చీలో ఉన్న సైకియాట్రిస్టుని పరిచయం చేస్తే మాట్లాడతాడు.

రాసేవాళ్ళం, చదివేవాళ్ళం మనం చెయ్యగలిగింది కూడా ఒకటుంది. రేపు మన కథలో ఒక మనిషి చెయ్యి వణికితే, దాని వెనక రహస్యం కోసం తవ్వే ముందు ఆ చెయ్యిని కాస్త చూద్దాం. ఆమె చేత ఆమె మాటల్లో చెప్పిద్దాం. నాటకం, గాలి, టెన్షన్ అనే మూడు మాటలు సిద్ధంగా ఉన్న భాషకి నాలుగోది, సరైనది, కావాలి. డాక్టర్లు ఫంక్షనల్ అంటున్నారు, బాగానే ఉంది, కానీ పాశమైలారం గేటు దగ్గర అది అర్థం కాదు. ‘మాట వినని కాలు’ అర్థమవుతుంది. పేరు ఏదైనా పెట్టుకోండి. పేషెంటుతో అనే మొదటి మాట మాత్రం ‘ఉంది’ అయ్యుండాలి.